సంచి వ్యాక్యూమా, డబ్బా వ్యాక్యూమా?

హనుమకొండలో మా ఇల్లు రోడ్డు మీదే. ఎండాకాలం పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ దుమ్మే.

సంచి ఉన్న వ్యాక్యూమ్ క్లీనర్‌కి పని తక్కువ. ముప్పావు వంతు నిండగానే సంచి తీసి పారేయడమే, దుమ్ము మొహం మీదికి లేవదు. కాకపోతే సంచులు కొంటూనే ఉండాలి. డబ్బా రకానికి ఆ ఖర్చు లేదు గానీ వాడిన ప్రతిసారీ ఖాళీ చేయాలి. కడిగే రకం ఫిల్టర్ అయితే నీడలో 24 గంటలు ఆరాలి. వానాకాలంలో ఇంకో రోజు ఆగండి. తడిగా పెడితే వాసన వస్తుంది, మోటారుకూ మంచిది కాదు.

బ్రష్ సంగతి రెండింటికీ ఒకటే. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా మీద నడిపాక తిప్పి చూస్తే వెంట్రుకలు, నూలు పోగులు బిగుసుకుని ఉంటాయి. ప్లగ్ తీసి, కత్తెరతో కోసి లాగేయాలి.

ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే సంచిదే కొనమంటాను. మా అమ్మ కోసం మేం అదే తీసుకున్నాం.