కరాటే క్లాసుకి నాలుగు స్టార్లు, ‘యమే’ అన్న మాటకి అయిదు

తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద నడిచే ఈ కరాటే క్లాసులో మా అబ్బోడు ఏడు నెలలుగా నేర్చుకుంటున్నాడు. కరాటే ఎలా నేర్పిస్తారో తెలుసుకుందామని వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తా, బాగానే నేర్పిస్తారు. నెలకి 1,000 రూపాయలు, డ్రెస్సుకి 1,200, సోమ బుధ శుక్రవారాలు సాయంత్రం 5:30 నుంచి 7 దాకా. మ్యాట్లు సగం హాలుకే ఉన్నాయి, మిగతా సగం ఉత్త గచ్చు. పైన రేకులు కాబట్టి మే నెలలో ఆ గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడితే దోసె పెనం గుర్తొస్తుంది. బండి పెట్టుకోను చోటు లేదు.

అసలు ఎందుకు చేర్పించానో కూడా రాయాలి. ఆ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే నాలాంటి తల్లిదండ్రులు ఇంకా ఉన్నారని తెలిసింది.

పోయిన వేసవి సెలవుల్లో మొక్కు ఉంటే కొండ మీద మావాడికి గుండు చేయించాం. బడి తెరిచేసరికి జుట్టు ఇంకా రాలేదు. తిరుపతిలో గుండు వింతేమీ కాదు, ఏ క్లాసులో చూసినా ఒకరిద్దరు ఉంటారు. కానీ స్కూలు వ్యాన్లో వెనక సీటు పిల్లోడొకడు ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి టప్పుమని తల మీద కొట్టడం మొదలుపెట్టాడు. అందరూ నవ్వేవాళ్లు. మొదట్లో మావాడు కూడా నవ్వేవాడంట. దసరా నాటికి జుట్టు దువ్వుకునేంత వచ్చింది గానీ దెబ్బలు ఆగలేదు. వ్యాన్లో నిద్రపోతుంటే తీసిన ఫోటో వాట్సాప్ స్టిక్కర్ అయింది. ఇవేవీ మాకు చెప్పలేదు. ఒక ఆదివారం మా ఆవిడ తలకి నూనె పెట్టబోతే భుజాలు పైకి లాక్కుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏంరా అని అడిగితే అప్పుడు బయటపడింది.

బడికి వెళ్లాం (ఏ బడి అని అడక్కండి). ప్రేయర్లో అందరి ముందు ఆ పిల్లోడితో సారీ చెప్పించి, చేతిలో చెయ్యి వేయించి, ఇక ఫ్రెండ్స్ అన్నారు. మర్నాటి నుంచి వాడు టీచర్ల ముందు కొట్టడం మానేసి వ్యాన్లో ఒకటికి రెండు వేశాడు, పైగా ‘నాన్నని పిల్చుకొచ్చినోడు’ అని కొత్త పేరు పెట్టాడు. మళ్లీ వెళ్తే ‘రెండు చేతులూ కలిస్తేనే కదా సార్ చప్పుడు’ అన్నారు. తల మీద కొట్టడానికి ఒక చెయ్యి చాలు సార్ అని ఇంటికొచ్చాక తట్టింది, అక్కడ నోరు రాలేదు.

వాడికి టీసీ ఇచ్చి పంపెయ్యండి అని కూడా అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంది, ఇంకో బడికి పోయి ఇంకో తల వెతుక్కునేవాడు, అంతే కదా. ఫోన్లో చట్టాలూ చదివాను. మన రాష్ట్రంలో ర్యాగింగ్ మీద 1997 నుంచే చట్టం ఉంది, ఏడిపించి అవమానించినా జైలు శిక్ష దాకా రాశారు, కానీ పన్నెండేళ్లోడి మీద స్టేషన్‌కి పోవడానికి నాకు మనసొప్పలేదు. మా బావ అయితే ‘పిలకాయలన్నాక మామూలే బావా, కరాటేలో వెయ్యి, ఒక్కసారి తిరిగి కొడితే అణుగుతాడు’ అన్నాడు. అలా వచ్చాం ఇక్కడికి.

మాస్టర్ ఎందుకు చేర్పిస్తున్నారని అడిగితే ఉన్నదంతా చెప్పాను. ‘తిరిగి కొట్టేది కావాలంటే నా దగ్గర లేదన్నా’ అన్నారు. గోడ మీద గిచిన్ ఫునకోషి ఫోటో ఉంది, షోటోకాన్ కరాటేకి మూలపురుషుడు. కరాటేలో మొదటి దెబ్బ అనేది లేదని ఆయన సూత్రమట. నాకు మండింది. నేను ఫీజు కట్టేది రెండో దెబ్బ కోసం కదా!

నాకు ఈ క్లాసులో నచ్చిన సంగతి తర్వాత తెలిసింది. ఇద్దరు తలపడుతుంటే ఆపమని చెప్పడానికి జపాన్ భాషలో ‘యమే’ అంటారు. మామూలుగా అది మాస్టర్ అనే మాట. ఇక్కడ పక్కన నిలబడ్డ ఎవరైనా అనొచ్చు, నిన్న చేరిన వైట్ బెల్ట్ అన్నా బ్లాక్ బెల్ట్ చెయ్యి దించాల్సిందే. ఎవడైనా మితిమీరి కొడితే వాడితో మాట్లాడాక, చూస్తూ ఊరుకున్నవాళ్ల వైపు తిరిగి ‘నువ్వెందుకు అనలేదురా’ అని ఒక్కొక్కరినీ అడుగుతారు. తిట్టరు, గుంజీలు తీయించరు, జవాబు వచ్చేదాకా నిలబడతారు. చూసినోడి తప్పేముందిరా సామీ అనుకున్నాను నేను.

ఇదే క్లాసుకొచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె, బ్రౌన్ బెల్ట్, మావాడి వ్యాన్లోనే ముందు సీట్లో కూర్చుంటుంది. జూన్ నుంచి ఆ దెబ్బలు చూస్తూనే ఉందంట. సంక్రాంతి సెలవుల ముందు ఒక రోజు వెనక్కి తిరిగి ‘యమే!’ అని అరిచింది. లేచిన చెయ్యి అలాగే నిలబడిపోయిందని మావాడు చేసి చూపించాడు. తర్వాత అందరూ నవ్వారంట, ఈసారి మావాణ్ణి చూసి కాదు. మర్నాడు ఇంకో ఇద్దరు అన్నారు, వాళ్లకది ఆట. వారం తిరిగేసరికి డ్రైవరన్న కూడా అడ్డమొచ్చిన ఆటోలని చూసి యమే అంటున్నాడు.

ఆ తర్వాత కూర్చుని చదివాను. ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీ వాళ్లు బడుల్లో ఇలా ఏడిపించడాన్ని ఆపడానికి ‘కివా’ అనే కార్యక్రమం తయారుచేశారు. దాని వెనకున్న క్రిస్టీనా సాల్మివాలి 1996లోనే పరిశోధించి చెప్పింది, ఏడిపించేవాడి చుట్టూ తోడు చేరేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, నాకెందుకని తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు ఉంటారని. ఏడిపించేవాడికి కావలసింది ఆ చూసేవాళ్ల దగ్గర దొరికే పేరు, అందుకే అక్కడ క్లాసు మొత్తానికి నేర్పుతారు. చదువుతుంటే మా వ్యానే కళ్ల ముందుకొచ్చింది. అన్నాళ్లూ నేను ఆలోచించింది ఇద్దరి గురించే, ఒకణ్ణి గట్టిపరచాలి, ఒకణ్ణి వెళ్లగొట్టాలి. మిగతా పద్నాలుగు మంది పిల్లలు నా లెక్కలోనే లేరు.

అంతా సర్దుకుందని రాయను. స్టిక్కర్ ఇంకా తిరుగుతోంది, వాట్సాప్‌లో యమే అనేవాళ్లు ఇంకా పుట్టలేదు. ఆ పిల్లోడు అదే వ్యాన్లో వస్తున్నాడు, మావాడు వాడితో మాట్లాడడు, మాట్లాడమని నేనూ అనను. నూనె గిన్నె చూస్తే ఇప్పటికీ భుజాలు కొంచెం లేస్తాయి.

ఒక స్టార్ తగ్గించింది డబ్బు సంగతికి. పోయినసారి గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) ఫీజు 800 అని ముందు రోజు సాయంత్రం చెప్పారు, రసీదు అడిగితే నవ్వారు. వచ్చే నెల మళ్లీ గ్రేడింగ్ ఉంది, ఈసారి వారం ముందు చెప్పండి మాస్టర్. అలాగే బాత్రూం తలుపుకి గడియ వేయించండి, ఆడపిల్లలు కూడా వస్తున్నారు.