ఇల్లంతా చుట్టాలు, మంచమంతా దిండు

వినాయక చవితి వెళ్లిన వారానికి, ఆరో నెల నిండుతుండగా, ‘యు’ ఆకారపు గర్భిణీ దిండు ఒకటి ఆన్‌లైన్‌లో 1,400 రూపాయలు పెట్టి కొన్నాను. ఇది నా తొలి చూలు. దసరాకు బరంపురంలోని అత్తవారింట, దీపావళికీ నాగులచవితికీ పర్లాకిమిడిలోని పుట్టింట, మొత్తం రెండు నెలల పాటు ఆ దిండును వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఒకే అచ్చులో పోసినట్టుండే ఈ దిండ్లను చాలామంది అమ్ముతున్నారు కాబట్టి కంపెనీ పేరు పక్కన పెట్టి, దాని ఆకారం గురించి, గుడ్డ గురించి, అన్నింటికీ మించి అది ఆక్రమించే చోటు గురించి చెబుతాను.

కొనడానికి కారణం మా డాక్టరు గారి మాట. 28 వారాలు నిండిన తరువాత నిద్రకు ఉపక్రమించేటప్పుడు వెల్లకిలా పడుకోవద్దని, ఎడమకైనా కుడికైనా ఒక పక్కకు తిరిగే పడుకోవాలని ఆవిడ చెప్పారు. వెల్లకిలా పడుకుంటే, పెరిగిన గర్భసంచి బరువు వెన్నెముక పక్కగా గుండెకు చేరే పెద్ద సిర మీద పడి, తిరిగి వెళ్లే రక్తం తగ్గుతుందట. మధ్యరాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నామని గాభరా పడనక్కరలేదని, మళ్లీ పక్కకు తిరిగితే చాలని కూడా అన్నారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వెల్లకిలా పడుకునే అలవాటున్న నాకు ఆ మొదటి సగం విన్నాక రెండో సగం చెవికెక్కలేదు. వీపు వెనుక గోడలాంటిది ఏదైనా ఉంటే తప్ప నిద్ర పట్టదనిపించింది.

చాపలా చుట్టి, గాలి తీసేసిన సంచిలో దిండు వచ్చింది. విప్పిన వెంటనే అప్పడంలా ఉంది గాని, ఒక రోజంతా ఎండ తగలని గాలిలో ఉంచితే పొంగింది, కొత్త వాసన కూడా చాలావరకు పోయింది. పొడవు అయిదడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు. తల ఆనే చోట వంపు, అక్కడి నుంచి కిందికి రెండు పొడవైన చేతులు. ఒక చెయ్యి వీపును కాస్తుంది, రెండోది పొట్ట కిందుగా వచ్చి మోకాళ్ల మధ్య నుంచి మడమల దాకా పోతుంది. మోకాళ్ల మధ్య మాత్రమే దిండు పెట్టుకుంటే చాలదని, మడమల మధ్య కూడా ఎత్తు ఉంటేనే తుంటి మీద లాగుడు తగ్గుతుందని ఈ దిండు వల్లనే తెలిసింది. మొదటి మూడు రాత్రులలోనే తుంటి నొప్పి సగానికి తగ్గింది. పక్క మార్చినప్పుడు దిండును కూడా లాక్కోవలసిన పని లేకపోవడం ‘యు’ ఆకారపు అసలైన సుగుణం. ఎటు తిరిగినా ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి సిద్ధంగా ఉంటాయి. దసరా ముందు వరకు నన్నెవరైనా అడిగి ఉంటే కళ్లు మూసుకుని అయిదుకు అయిదు మార్కులు వేసేదాన్ని.

దసరాకు ఇల్లు నిండింది. జయపురం నుంచి మా మావగారి చెల్లెలి కుటుంబం, రాయగడ నుంచి ఆడపడుచు, ఇద్దరు పిల్లలు, ఇచ్ఛాపురం నుంచి పెద్దత్తగారు వచ్చారు. రెండు గదుల ఇంట్లో పదకొండు మంది. కడుపుతో ఉన్నదాన్నని మంచం నాకే వదిలారు గాని, మోకాళ్ల నొప్పులున్న పెద్దత్తగారిని నేల మీద పడుకోమనడం నాకు మనసొప్పలేదు. మా మంచం వెడల్పు నాలుగడుగులు. అందులో రెండున్నర అడుగులు దిండుకు పోగా, మిగిలిన అడుగున్నరలో ఆవిడ ఒద్దికగా పడుకుని, చీకట్లో దిండును తడిమి చూసి, “ఏటమ్మా, మంచం మీద ఇంకో మనిషిని పడుకోబెట్టినావా?” అన్నారు. మా ఆయన ఆ సరికే హాల్లో చాప మీదికి బదిలీ అయిపోయారు. అమ్మకం పేజీలో కనిపించే ఫొటోలో విశాలమైన పడకగది, ఒంటరిగా నవ్వుతూ నిద్రపోతున్న స్త్రీ, తెల్లటి దుప్పటి ఉంటాయి. మన వైపు ఇళ్లలో, అందునా పండగ పూట, ఆ ఫొటోలోని మంచం ఎక్కడుంటుంది?

రాత్రి లేవడం మరొక చిక్కు. ఏడో నెలలో మూత్రానికి రాత్రికి మూడు నాలుగు సార్లు లేవవలసి వస్తుంది. ఈ దిండులోంచి లేవడమంటే దడి దాటడమే. ముందున్న చేతిని తోసి, దాని మీదుగా కాళ్లు దించి, మంచం అంచు మీద కూర్చుని, కింద పడుకున్న పిల్లల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కోవాలి. బొమ్మల కొలువులో బొమ్మలా కదలకుండా కూర్చోబెట్టే దిండు ఇది. కదలవలసిన వాళ్లకు మాత్రం అడ్డం.

గుడ్డ విషయంలో మోసమే జరిగిందని చెప్పాలి. పేజీలో నూలు గలీబు అని రాసి, మెత్తటి మఖమల్ గలీబుతో పంపారు. అక్టోబరులో బరంపురం ఉక్కపోత తెలిసినవారికి ఆ గుడ్డ మీద బుగ్గ ఆనించి పడుకోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కరలేదు. వాపసు తీసుకోమంటే, సంచి విప్పేశారు కాబట్టి కుదరదన్నారు. గాలి తీసిన సంచిని విప్పకుండా లోపల ఏ గుడ్డ ఉందో ఎలా తెలుస్తుందని నేనడిగిన ప్రశ్నకు నేటికీ జవాబు లేదు. జిప్పు కూడా ఒక పక్కనే, అదీ మూరెడే ఉంది. గలీబు తీయాలంటే ఒకరు దిండును పట్టుకుని మరొకరు లాగాలి. లోపలిది పాలిస్టర్ దూది కాబట్టి ఉతకవచ్చని రాశారు గాని, వానలు పూర్తిగా వెనకపట్టని ఈ నెలల్లో అంత పెద్ద దిండు ఆరాలంటే మూడు రోజులు పట్టింది. మా జిల్లాలో దసరా అంటే తుఫాను భయం కూడా. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ సరిగ్గా దసరా రోజుల్లోనే వచ్చింది. అప్పటి నుంచి ఆకాశం మబ్బు పట్టిందంటే మా అత్తగారు బట్టలన్నీ లోపల వేయించేస్తారు. ఈసారి అన్నింటికన్నా ముందు లోపలికి వచ్చింది ఈ దిండే.

దసరా వెళ్లాక సీమంతం చేశారు. బరంపురం పట్టుచీర కట్టుకుని, చేతుల నిండా గాజులతో, మూడు గంటలు పీట మీద కూర్చున్న ఆ సాయంత్రం నడుము విరిగినంత పనయింది. ఆ రాత్రి మాత్రం ఈ దిండు లేకపోతే తెల్లవారేది కాదు. మర్నాడు పుట్టింటికి ప్రయాణం. పలాస వరకు రైలు, అక్కడి నుంచి కారు. దిండును తిరిగి మొదటి సంచిలోకి కుక్కడం అసాధ్యం కాబట్టి పాత దుప్పటిలో మూట కట్టి మా తమ్ముడి నెత్తిన పెట్టాము. చలిమిడి, సారె, పసుపు కుంకుమలు ఒక ఎత్తు, ఆ మూట ఒక ఎత్తు.

పుట్టింట్లో మా అమ్మమ్మ దానిని చూసి ఏమీ అనలేదు. పెట్టెలోంచి పాత నూలు చీరలతో కుట్టిన బొంతలు రెండు తెచ్చి, ఒకదాన్ని గట్టిగా చుట్టి వీపు వెనుక, ఇంకొకదాన్ని మడిచి మోకాళ్ల మధ్య పెట్టింది. రెండు రాత్రులు దిండు, రెండు రాత్రులు బొంతలు అని మార్చి మార్చి చూశాను. బొంత చల్లగా ఉంటుంది, ఉతికితే ఒక్క ఎండకు ఆరుతుంది, చోటు తినదు. అయితే పక్కకు తిరిగిన ప్రతిసారి చుట్ట విడిపోతుంది, తెల్లారేసరికి ఒకటి కాళ్ల దగ్గర, ఒకటి నేల మీద ఉంటుంది. మడమల దాకా ఎత్తు నిలబెట్టడంలో మాత్రం దిండుకు బొంత సాటి రాలేదు. అమ్మమ్మ మాట కాదనడం ఇష్టం లేక ఈ సంగతి ఆవిడకు చెప్పలేదు.

దీపావళి నాటికి ఎనిమిదో నెల. ఆ వారంలో ఈ దిండు మరొక పనికి వచ్చింది. రెండు అరిసెలు, నాలుగు పాకుండలు తిన్న పాపానికి రాత్రంతా గుండెల్లో మంట, పులితేన్పులు. దిండును రెండుగా మడిచి గోడకు ఆనిస్తే, చేతులు రెండు పక్కలా వచ్చి, వాలుకుర్చీలా అమరింది. టపాకాయల పొగకు కిటికీలన్నీ మూసుకుని, చప్పుడు అయినప్పుడల్లా కడుపులో కదలికను అరచేత్తో చూసుకుంటూ, అందులోనే సగం రాత్రి గడిపాను. కంపెనీ ఈ వాడకాన్ని ఎక్కడా చెప్పలేదు. కాన్పయ్యాక ఉయ్యాలలో బిడ్డ చుట్టూ పెట్టుకోవచ్చని మాత్రం రాసింది. పసిబిడ్డ పడుకునే చోట దిండ్లు, మెత్తలు ఉండరాదని, ముఖానికి అడ్డుపడి ఊపిరి ఆడకపోయే ప్రమాదముందని డాక్టర్లు చెబుతున్నారు. ఆ వాక్యాన్ని వారు తీసివేయాలి.

నెల దాటాక వీపు వైపు చెయ్యి చదునైపోయింది. నాగులచవితి ముందు రోజు పరుపులు కుట్టే ఆయనను ఇంటికి పిలిపించి, ఆ చేతిని వంపు దగ్గర కోయించేశాను. కోసిన చోట కుట్టించి, దానిలోని దూది కొంత తీసి మిగిలిన చేతిలోకి కూరించాను. అమ్మ పాత నూలు చీరతో, జిప్పు లేకుండా దిండు పొడవునా బొందెలు పెట్టి కొత్త గలీబు కుట్టింది. కూలి 250 రూపాయలు అయింది. ఇప్పుడది మంచంలో సగం చోటే తీసుకుంటుంది, రాత్రి లేవడానికి ఒక పక్క తెరిచి ఉంటుంది, వీపుకు గోడ పక్కన చుట్టిన బొంత చాలుతుంది. కొనబోయేవారు మొదటే ఒక చెయ్యి ఉన్నదాన్ని, నూలు గలీబుతో, జిప్పు పొడవుగా ఉన్నదాన్ని చూసి తీసుకుంటే ఈ కోత ఖర్చు తప్పుతుంది. వచ్చినప్పటి దిండుకు నేను వేసే మార్కులు అయిదుకు రెండున్నర, కోసిన దిండుకు నాలుగు.

కోయగా మిగిలిన ముక్కను బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఒడిలో పెట్టుకుందామని దాచబోతే, పుట్టకముందే బిడ్డ పేరున ఏదీ దాచకూడదని అమ్మ ఒప్పుకోలేదు. పక్కింటి ఒడియా పిన్నిగారు కూడా అమ్మనే సమర్థించారు. వాళ్లకు కార్తిక పౌర్ణమి వెళ్లిన ఎనిమిదో నాడు ప్రథమాష్టమి. ఇంటికి తొలి బిడ్డకు మేనమామ కొత్త బట్టలు తెచ్చే పండగ. వచ్చే ఏడు ఆ రోజున మీ తమ్ముడే తెస్తాడులే అన్నారావిడ. దిండు మూటను ఇంకా మరచిపోని మా తమ్ముడు, బట్టలైతే తెస్తాను గాని దిండు మాత్రం తేనన్నాడు. ముక్క అమ్మమ్మ మంచం మీదికి చేరింది. మోకాలి కింద పెట్టుకుని పడుకుంటోంది. అడిగితే ఇవ్వడం లేదు.