సంక్రాంతి కామెడీ: నల్గొండ థియేటర్‌లోనా, ఇంట్లో టీవీలోనా?

వెంకటేష్, అనిల్ రావిపూడిల ‘సంక్రాంతికి వస్తున్నాం’ 2025 జనవరి 14న విడుదలై, మార్చి 1నే టీవీలోకి, ఓటీటీలోకి వచ్చేసింది. అందుకే ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా ఇంట్లో అదే పంచాయితీ: ఇప్పుడే పోదామా, ఆగుదామా?

ఖర్చు: దేవరకొండ నుంచి నల్గొండకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు ఫ్రీయే, కానీ సినిమా టికెట్లు, ఇంటర్వెల్‌లో పిల్లల పాప్‌కార్న్ కలిస్తే బాగానే అవుతుంది. ఇంట్లో దాదాపు ఏమీ కాదు.

శ్రమ: సెకండ్ షో అయితే తిరుగు బస్సు టెన్షన్. టీవీలో ప్రకటనలు భరిస్తే చాలు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. భార్యకూ మాజీ ప్రియురాలికీ మధ్య వెంకటేష్ నలిగిపోతుంటే హాలంతా పగలబడి నవ్వుతుంది, లాజిక్ ఎవరికీ గుర్తు రాదు, అదే సీను ఇంట్లో ఒక్కరే చూస్తే ‘ఇంత అతి ఏంది’ అనిపిస్తుంది. సినిమాలో హీరో కొడుకు బుల్లిరాజు తిట్లకు జనం విరగబడి నవ్వారు, కానీ పిల్లాడి నోట ఆ మాటలేంటని కొందరు నొచ్చుకున్నారు. ఇంట్లో అయితే రిమోట్ మన చేతిలో ఉంటుంది.

పండక్కి అక్కాబావలు, పిల్లలు అందరూ దిగితే థియేటరే, ఆలోచించకండి. చంటిపిల్లలు, మెట్లెక్కలేని పెద్దవాళ్లు ఉన్నా, చూసేది ఇద్దరే అయినా టీవీలో వచ్చేదాకా ఆగండి.