మమ్మీల పాఠం కోసం కొన్న స్లైడ్ల పెట్టె

డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థులకు ప్రాచీన పరాన్నజీవుల గురించి చెప్పడానికి, ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణం నుంచి పాతిక స్లైడ్లున్న పెట్టెను 2,800 రూపాయలకు తెప్పించాను. మమ్మీలను మా కళాశాలకు తేలేము. వాటిలో పరిశోధకులు సూక్ష్మదర్శినితో వెతికే గుడ్ల రూపాన్నైనా పిల్లలు కళ్లారా చూడాలన్నది నా ఉద్దేశం. ఆ పనికి ఈ పెట్టె ఎంతవరకు అక్కరకొచ్చిందో రాస్తున్నాను.

అన్నిటిలోకి బాగున్నది కొరడాపురుగు గుడ్డు. రెండు కొసలా బిరడాలు బిగించిన చిన్న పీపాలా, అంచులు చెదరకుండా కనబడింది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి ఓట్జీ అనే మమ్మీ పేగుల్లో బయటపడినవి ఈ గుడ్లేనని చెప్పగానే వెనక బెంచీ వాళ్లు కూడా లేచి వచ్చారు. ఏలికపాము గుడ్డు మీది బొడిపెల పొర చక్కగా ఉంది కానీ, ప్రాచీన నమూనాల్లో ఆ పొర తరచూ ఊడిపోయి ఉంటుంది కనుక, పొర లేని గుడ్డు కూడా ఒకటి పెట్టి ఉంటే బాగుండేది. టొరంటోలో 1974లో శవపరీక్ష చేసిన నఖ్త్ అనే ఈజిప్టు నేతగాడి దేహంలో బద్దెపురుగు గుడ్లు దొరికాయి. అది పశుమాంసంతో వచ్చిందో పందిమాంసంతో వచ్చిందో గుడ్డు రూపాన్ని బట్టి తేల్చలేము కాబట్టి, చీటీ మీద జాతి చెప్పకుండా ‘టీనియా’ అనే ప్రజాతి పేరు మాత్రమే రాసినందుకు నాకు అభ్యంతరం లేదు.

షిస్టోసోమా (బిల్హార్జియా అన్నా ఈ పరాన్నజీవే) విషయంలోనూ అదే పొదుపు పాటించడం మాత్రం క్షమించరానిది. వైద్యుడైన మార్క్ ఆర్మండ్ రఫర్ ఈజిప్టు ఇరవయ్యో రాజవంశం నాటి మమ్మీల ఎండిన కణజాలాన్ని మద్యసారం, సోడియం కార్బొనేట్ కలిపిన ద్రావణంలో నానబెట్టి మెత్తబరిచి, రెండు మమ్మీల మూత్రపిండాల్లో సున్నంగా గట్టిపడిన బిల్హార్జియా గుడ్లను చూసినట్టు 1910లో ప్రకటించారు. షిస్టోసోమా జాతుల్లో మూత్రాశయాన్ని పట్టే హెమటోబియం గుడ్డుకు ముల్లు కొసన ఉంటుంది. పేగులను పట్టే మాన్సోనై గుడ్డుకు పక్కన ఉంటుంది. నాకు వచ్చింది పక్కముల్లు గుడ్డు. రఫర్ చూసింది హెమటోబియం గుడ్లను; చూసుకోకపోతే ఆయన చూసింది ఇదేనని చెప్పేవాణ్నే. పాఠానికి ముందు సాయంత్రం ఒకసారి పరీక్షించుకోబట్టి పరువు దక్కింది. దుకాణానికి ఫోను చేస్తే “రెండూ ఒకటే కదండీ” అన్నారు. మూడు మెయిళ్ల తర్వాత సరైనది పంపారు, కొరియరు ఖర్చు నా చేతే పెట్టించి.

నారిపురుగు స్లైడు లేదు. మాంచెస్టర్‌లో 1975లో కట్లు విప్పిన 1770వ సంఖ్య మమ్మీ ఒక బాలికది; దాని పొట్ట గోడలో గట్టిపడిన నారిపురుగు ఉంది. మన పల్లెల్లో నారికురుపును ఎరిగిన పెద్దలు ఇంకా ఉన్నారు కనుక ఆ కథ పిల్లలకు దగ్గరగా తోచేది. అయితే మన దేశం ఆ వ్యాధి నుంచి బయటపడిందని 2000లోనే ధ్రువీకరించారు. నమూనా దొరకకపోవడానికి దుకాణాన్ని ఏమనగలం?

ఐదుకు మూడు మార్కులు. కొనేవారు షిస్టోసోమా ఏ జాతిదో ఆర్డరులోనే రాయించుకోవాలి.