గది అద్దె తేడా 9,000, మా చేతి నుంచి పోయింది 70,000: అమ్మ పాలసీతో ఎనిమిదేళ్లు

2025 నవంబర్‌తో అమ్మ హెల్త్ పాలసీకి ఎనిమిదేళ్లు నిండాయి. ఎన్ని హాస్పిటళ్లలో క్యాష్‌లెస్ ఉంది, యాప్ ఎలా పని చేస్తుంది లాంటివి కంపెనీ కరపత్రంలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను రాస్తున్నది పాలసీ పుస్తకంలోని ఒకే ఒక్క లైను గురించి. "రూమ్ రెంట్: రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం" అని ఉంటుంది. సమ్ ఇన్సూర్డ్ అంటే ఏడాదికి కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. మాది మూడు లక్షల పాలసీ, అంటే రోజుకు 3,000. గది అంతకంటే ఖరీదైతే పై తేడా మనం కట్టుకోవాలి, అంతే కదా అనుకున్నాను. 2023 ఆగస్టు వరకు అలాగే అనుకుంటూ ఉన్నాను.

ముందు మా పరిస్థితి చెప్పాలి. హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ప్రభుత్వ ఉద్యోగం కాదు, కాబట్టి ప్రభుత్వ ఉద్యోగులకిచ్చే ఈహెచ్ఎస్ వైద్య పథకం లేదు. తెల్ల రేషన్ కార్డు లేదు, కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచినప్పుడు మా వీధిలో చాలా ఇళ్లకు ధైర్యం వచ్చింది, మాకు ఏమీ మారలేదు. పూర్తిగా పేదవాళ్లం కాదు, లక్ష రూపాయల బిల్లు వస్తే తట్టుకునేవాళ్లమూ కాదు. మాలాంటి వాళ్లకు మిగిలింది సొంత డబ్బుతో కొనుక్కునే పాలసీ ఒక్కటే. 2017 నవంబర్‌లో అమ్మకు అరవై నిండగానే తీసుకున్నాను. మొదటి ఏడాది ప్రీమియం 13,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 15,340.

2020 జనవరిలో అమ్మకు కంటిశుక్లం ఆపరేషన్ అయింది. పొద్దున వెళ్లాం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చాం, పైసా అడగలేదు. ఆ వారమంతా స్టాఫ్‌రూమ్‌లో ఈ పాలసీ గురించే చెప్పాను. నా మాట మీద ముగ్గురు సహోద్యోగులు తల్లిదండ్రులకు ఇదే తీసుకున్నారు. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, అది డే కేర్ ఆపరేషన్. గదిలో ఉండే పనే లేదు, కాబట్టి ఆ రూమ్ రెంట్ లైనుకు పనే పడలేదు. మంచి రకం లెన్స్ వేయించినందుకు తేడా డబ్బు ముందే విడిగా కట్టాను, అది కూడా అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

2023 జూలై చివరి వానలు వరంగల్ వాళ్లెవరూ మరిచిపోరు. నయీంనగర్ నాలా పొంగి ఎన్నో కాలనీలు మునిగాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ పెరటి మెట్లకు పట్టిన పాచి వారాలైనా వదల్లేదు. ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే తులసికి నీళ్లు పోయడానికి వెళ్లిన అమ్మ ఆ మెట్ల మీదే జారింది. తుంటి ఎముక విరిగింది. బాల్ మార్చాలన్నారు డాక్టర్లు.

హాస్పిటల్ పేరు రాయను. వైద్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అమ్మ ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తోంది, వాళ్ల చలవే. అడ్మిషన్ రాయించేటప్పుడు ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరి అబ్బాయి చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. "షేరింగ్ రూములు ఖాళీ లేవు సార్. సింగిల్ రూమ్ ఉంది, రోజుకు 4,500. మీకు ఇన్సూరెన్స్ ఉంది కదా, ఏం కాదు." నేను మనసులో లెక్కేసుకున్నాను. రోజుకు 1,500 తేడా, ఆరు రోజులకు 9,000. తుంటి ఆపరేషన్ అయిన మనిషి కింద కూర్చోలేదు, ఆ గదిలో వెస్టర్న్ టాయిలెట్ ఉంది. తొమ్మిది వేలు పోతే పోయాయి అనుకుని సంతకం పెట్టాను.

డిశ్చార్జ్ రోజు వచ్చిన బిల్లు సరిగ్గా రెండు లక్షలు. గది 27,000. ఆపరేషన్ థియేటర్, సర్జన్, మత్తు డాక్టర్, నర్సింగ్, డాక్టర్ల విజిట్లు కలిపి 78,000. ఇంప్లాంట్ 55,000. మందులు 24,000. పరీక్షలు 11,000. గ్లవ్స్ లాంటి, కంపెనీ ఎలాగూ ఇవ్వని సామాన్లు 5,000. నేను 14,000 కట్టి బయటపడతాం అనుకున్నాను. కంపెనీ 1,30,000 మంజూరు చేసింది. మిగతా 70,000 మేం కట్టాలి.

బిల్లింగ్ కౌంటర్‌లో మంజూరు కాగితం అడిగి తీసుకుని అక్కడే బెంచీ మీద కూర్చుని చదివాను. ప్రతి వరుస చివర ఒకే అంకె ఉంది, 33.33 శాతం కోత. మాకు అర్హత ఉన్న గది 3,000, తీసుకున్నది 4,500, అంటే మూడింట రెండు వంతులకే అర్హత. కాబట్టి గది అద్దె ఒక్కటే కాదు, ఎలాగూ ఇవ్వని 5,000 పోను మిగతా బిల్లు మొత్తాన్నీ మూడింట రెండు వంతులకు కోశారు. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారట. ఖరీదైన గదిలో ఉన్న పేషెంటుకు హాస్పిటళ్లు సర్జన్ ఫీజు, విజిట్ ఫీజు కూడా ఎక్కువ వేస్తాయి కాబట్టి ఆ భారం తమ మీద పడకుండా కంపెనీలు ఇలా రాసుకుంటాయి. అంతవరకు అర్థం చేసుకోగలను. కానీ ఇంప్లాంట్? కేస్ షీట్‌లో ఇంప్లాంట్ స్టిక్కర్ అతికించి ఉంది, దాని సైజు, బ్యాచ్ నంబర్, ధర అన్నీ దాని మీదే ఉన్నాయి. అదే బాల్ జనరల్ వార్డు మనిషికి వేసినా 55,000, ఏసీ గది మనిషికి వేసినా 55,000. యాంటీబయాటిక్ స్ట్రిప్ మీద ధర కూడా గదిని బట్టి మారదు. వాటిలో మూడో వంతు మా మీద ఎందుకు వేశారో కౌంటర్‌లో ఎవరూ చెప్పలేకపోయారు. "సిస్టమ్ అట్లనే తీసుకుంటది సార్" అన్నారు.

పీఎఫ్ నుంచి తీసిన డబ్బు ఇంకా అకౌంట్లో పడలేదు. బామ్మర్ది నలభై వేలు సర్దాడు. ఎవరూ చెప్పకపోయినా అమ్మకు విషయం తెలిసిపోయింది. ఇంటికొచ్చిన రాత్రి అడిగింది, "గట్లయితే నన్ను జనరల్ వార్డులనే ఉంచకపోయినవా బిడ్డా" అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆరోగ్యం బాగలేని మనిషి తన వల్ల ఇంటికి అప్పు అయిందని కుమిలేలా చేసే పాలసీ ఎందుకు అనిపించింది. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ రాత్రి.

తర్వాత రెండు వారాలు కూర్చుని చదివితే తెలిసింది. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ కోత మీద 2020లోనే ఒక హద్దు గీసింది. మందులు, వాడి పారేసే సామాన్లు, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, పరీక్షలు, వీటికి ఈ కోత వర్తించకూడదు. ఐసీయూ ఖర్చుకూ వర్తించకూడదు. గదిని బట్టి రేటు మార్చని హాస్పిటల్ అయితే అసలు కోతే ఉండకూడదు. పాత పాలసీలకు కూడా 2021 ఏప్రిల్ తర్వాత వచ్చే రెన్యూవల్ నుంచి ఇది వర్తిస్తుంది. అంటే మాకు దాదాపు రెండేళ్లుగా అమల్లో ఉన్న రూల్ అది. దాని ప్రకారం లెక్క ఇలా ఉండాలి: గది తేడా 9,000, థియేటర్, డాక్టర్ల ఫీజుల్లో మూడో వంతు 26,000, ఇవ్వని సామాన్లు 5,000, మొత్తం 40,000. మా దగ్గర 30,000 ఎక్కువ తీసుకున్నారు.

హాస్పిటల్‌కు వెళ్లి, గదిని బట్టి రేటు మారదని ఒక లెటర్ ఇస్తారా అని అడిగాను. "మా దగ్గర రూమ్ బట్టే ఫీజు సార్" అన్నారు. ఆ 26,000 మీద ఆశ వదులుకున్నాను. మిగతా 30,000 కోసం కంపెనీ ఫిర్యాదుల విభాగానికి (గ్రీవెన్స్ సెల్) మెయిల్ పెట్టాను, బిల్లు, మంజూరు కాగితం, స్టిక్కర్ ఫోటో జతచేసి. పది రోజులకు రెండు లైన్ల జవాబు వచ్చింది, పాలసీ నిబంధనల ప్రకారమే సెటిల్ చేశామని. ఏ నిబంధనో రాయలేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల సైటు బీమా భరోసా పోర్టల్‌లో పెట్టాను, అక్కడా అదే జవాబు తిరిగొచ్చింది. ఆ తర్వాత బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాశాను. కంపెనీ కాదన్నాక ఏడాది లోపు రాయాలి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు, అందుకే ప్రత్యేకంగా చెప్తున్నాను. అక్కడి నుంచి కంపెనీకి నోటీసు వెళ్లిన కొద్ది రోజులకే కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడారు. విచారణ దాకా పోకుండానే 2024 ఏప్రిల్‌లో 30,000 అకౌంట్లో పడ్డాయి. అంటే బిల్లు కట్టిన ఎనిమిది నెలలకు.

డబ్బు వచ్చినందుకు సంతోషమే. కానీ నాకు మండేది ఇక్కడే. రూల్ ఉంది, రూల్ తప్పినట్టు కాగితం మీద కనిపిస్తోంది, అయినా అడిగినవాడికే తిరిగిచ్చారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు ఇలాంటి కాగితం చేతిలో పడితే ఎక్కడికి పోతాడు? అన్ని వరుసల చివరా 33.33 శాతం ఒక్కలాగే ఉందంటే, చేతి పొరపాటని నేను అనుకోను. అదే కంప్యూటర్ ఇంకెంతమంది బిల్లులు అలా కోసిందో.

2024లో దేశమంతటికీ కొత్త రూల్స్ వచ్చాయి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు కవర్ మొదలయ్యే దాకా ఆగాల్సిన కాలం గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఐదేళ్లు వరుసగా ప్రీమియం కట్టినవాళ్ల క్లెయిమ్‌ను, మోసం రుజువైతే తప్ప, ఏదో దాచారని తిరస్కరించకూడదు, ఇంతకుముందు అది ఎనిమిదేళ్లు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఇవన్నీ మంచివే. అయితే రూమ్ రెంట్ లైను మాత్రం మా పాలసీలో ఎక్కడిదక్కడే ఉంది, దాన్ని ఎవరూ తీసేయమనలేదు.

మూడు గంటల సంగతి కూడా చూశాను. 2024 అక్టోబర్‌లో అమ్మ జ్వరంతో మూడు రోజులు ఉంది. ఈసారి ముందే అడిగి 2,500 షేరింగ్ గది తీసుకున్నాం, ఒక్క రూపాయి కోత పడలేదు. డాక్టర్ పొద్దున పదింటికి ఇంటికి పోవచ్చన్నారు. అనుమతి వచ్చింది సాయంత్రం 6:40కి. మూడు గంటలే కదా అని అడిగితే, హాస్పిటల్ నుంచి ఫైనల్ బిల్లు వెళ్లినప్పటి నుంచి లెక్క అన్నారు. బిల్లు పంపిందే మూడున్నరకు. ఆ ఐదున్నర గంటల మీద ఏ గడువూ లేదు.

ఇక ఖర్చు. 2024 నవంబర్ ప్రీమియం 27,000, జీఎస్టీ 4,860, మొత్తం 31,860. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. ఆ నవంబర్‌లో ఐదు వేల దాకా తగ్గుతుందని ఎదురుచూశాను. వచ్చిన నోటీసులో పన్ను వరుస సున్నా, అసలు ప్రీమియం మాత్రం 29,565. అంటే తొమ్మిదిన్నర శాతం పెంచారు. అరవై దాటినవాళ్లకు ఏడాదిలో పది శాతం మించి పెంచాలంటే ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది, మాది ఆ గీతకు అర శాతం కిందే ఆగింది. పన్ను పోవడంతో కంపెనీలకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా పోయింది, ఆఫీసు అద్దె, కమీషన్ల మీద అవి కట్టే జీఎస్టీ ఇక వెనక్కి రాదు. ఆ భారం ఈ పెంపులో ఎంత ఉందో నోటీసులో రాయలేదు. ప్రభుత్వం వదులుకున్న 4,860లో మా ఇంటికి చేరింది 2,295. ఎనిమిదేళ్లలో అసలు ప్రీమియం రెట్టింపు దాటింది, సమ్ ఇన్సూర్డ్ మూడు లక్షల దగ్గరే ఉంది.

మరి ఎందుకు ఉంచుకున్నాను అంటే, రూమ్ లిమిట్ లేని పాలసీకి మారదామని ఇంకో కంపెనీని అడిగాను. అమ్మకు ఇప్పుడు 68, బీపీ ఉంది, తుంటిలో ఇంప్లాంట్ ఉంది. 41,000 చెప్పారు, అదీ పరీక్షలు చూశాకే తీసుకుంటామో లేదో చెప్తామన్నారు. నా జీతానికి ఆ తేడా పెద్దది. ఉన్నదానితోనే సర్దుకున్నాను.

షేరింగ్ గదికో జనరల్ వార్డుకో సిద్ధపడే ఇంటికి, హైదరాబాద్ కాకుండా మన దగ్గరే చూపించుకునేవాళ్లకు, ఈ పాలసీ ఇప్పటికీ పనికొస్తుందేమో. రెండు లక్షల బిల్లులో చివరికి 1,60,000 వాళ్లే కట్టారు, అది లేకపోతే మేం ఇల్లు తాకట్టు పెట్టేవాళ్లం. తెల్ల కార్డు ఉన్నవాళ్లు ముందు ఆరోగ్యశ్రీ సంగతి చూసుకోండి. కొత్తగా అమ్మానాన్నలకు తీసుకునేవాళ్లు, వయసు ఇంకా అరవై లోపు ఉంటే, రెండు మూడు వేలు ఎక్కువైనా రూమ్ లిమిట్ లేనిది అడగండి. నా మాట మీద దీన్ని తీసుకున్న ముగ్గురికీ ఆ మంజూరు కాగితం జిరాక్స్ ఇచ్చాను. ఒకరు మారారు, ఇద్దరు మారలేకపోయారు.

పాలసీ కార్డు కవర్ మీద స్కెచ్ పెన్‌తో "గది 3,000 దాటొద్దు" అని రాసి బీరువా తలుపు లోపలి వైపు అతికించాను. నేను ఊళ్లో లేనప్పుడు అమ్మను తీసుకుపోయేది నా భార్యో, పక్కింటి వాళ్లో అవుతారు.