బోస్టన్ 'థర్డ్ స్టేజ్': ఎనిమిదేళ్ల చెక్కుడు

1978 నాటి రెండవ ఆల్బమ్‌ను రికార్డు కంపెనీ సీబీఎస్ తొందరపెట్టి విడుదల చేయించిందన్న అసంతృప్తి అమెరికన్ రాక్ బృందం బోస్టన్ నేత టామ్ షోల్జ్‌ను వదలలేదు. అందుకే మూడవదైన 'థర్డ్ స్టేజ్'ను సొంత స్టూడియోలో తనకు నచ్చేదాకా చెక్కుతూ కూర్చున్నారు. ఆలస్యంపై సీబీఎస్ కోర్టుకెక్కినా పట్టు సడలించలేదు, చివరకు 1986లో మరో రికార్డు కంపెనీ ఎంసీఏ దానిని వెలువరించింది.

గిటార్లను పొర మీద పొరగా రికార్డు చేసినా ఏ తీగ మోతా మరొకదానిలో కలిసిపోదు. సింథసైజర్లు (ఎలక్ట్రానిక్ పద్ధతిలో ధ్వనులు పుట్టించే వాద్యాలు) వాడలేదని ఆల్బమ్ వివరాలలో ప్రకటించుకోవడం కాస్త గొప్పలకు పోవడమే అయినా, 'అమాండా' పాటలో గాయకుడు బ్రాడ్ డెల్ప్ గొంతు మెల్లగా మొదలై గిటార్లతోపాటు పైకి లేచే తీరు విన్నాక ఆ గొప్ప చెల్లుతుందనిపిస్తుంది. అయితే అదే బాణీని 'మై డెస్టినేషన్'లో మళ్లీ వినిపించడం నిరాశపరిచింది. నునుపు పెరిగి చురుకు తగ్గింది కనుక, దూకుడు కోరేవారికి 1976 నాటి తొలి ఆల్బమే మేలు.