డిగ్రీ అయ్యాక లా: బెంగళూరా, ఢిల్లీయా?

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి రెండు చోట్లా సీటొస్తే ఎక్కడ చేరాలి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను ఢిల్లీ యూనివర్సిటీలో చదివాను, మా చెల్లి బెంగళూరు నేషనల్ లా స్కూల్లో చదువుతోంది, అందుకని రెండు వైపులా సంగతి కొంచెం తెలుసు.

బెంగళూరు లా స్కూల్ అంటే ఇంటర్ తర్వాత క్లాట్ ఎంట్రన్స్ రాసి ఐదేళ్లు చదివేదే అనుకుంటారు చాలామంది. 2022 నుంచి డిగ్రీ అయినవాళ్లకి మూడేళ్ల ఆనర్స్ కోర్సు కూడా ఉంది, దానికి ఎన్‌ఎల్‌శాట్ అని వాళ్ల పరీక్ష వేరే. అందులో సగం వివరంగా జవాబులు రాసే పరీక్ష. బిట్లు మాత్రమే కొట్టి అలవాటైనవాళ్లకి అక్కడే చెమటలు పడతాయి. చేరాక ట్రైమిస్టర్లు, అంటే ఏడాదికి మూడుసార్లు పరీక్షల టెన్షన్, మధ్యలో ప్రాజెక్టులు. చెల్లికి ఎప్పుడు ఫోన్ చేసినా "సబ్మిషన్ ఉందక్కా, తర్వాత చేస్తా" అనే సమాధానం. కానీ అది ఇప్పుడు రాసే నాలుగు పేజీల నోటు చూస్తే నాకు అసూయే. పెద్ద లా ఫర్మ్‌లు క్యాంపస్‌కే వచ్చి తీసుకుంటాయి.

ఢిల్లీ లెక్క వేరు. సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాస్తే చాలు, అంతా ఆబ్జెక్టివే. క్లాసులో జనం ఎక్కువ, సార్లు మిమ్మల్ని పేరుతో పిలుస్తారని ఆశ పెట్టుకోకండి. చదువంతా కేస్ మెటీరియల్ మీదే నడుస్తుంది: సబ్జెక్టుకొక తీర్పుల కట్ట, క్యాంపస్ దగ్గర్లోని పటేల్ చెస్ట్ షాపుల్లో జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించుకోవడం, పరీక్షల ముందు అదే లోకం. కాంట్రాక్ట్స్‌లో 1913 నాటి లాల్మన్ శుక్లా కేసు అందరికీ గుర్తుంటుంది, తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికి తెచ్చిన గుమాస్తాకి, బహుమతి ప్రకటన సంగతి ముందు తెలియదు కాబట్టి డబ్బు ఇవ్వక్కర్లేదన్నారు (నాకిప్పటికీ మనసొప్పదు). అసలు లాభం ఏంటంటే, విశ్వవిద్యాలయ స్టేషన్లో మెట్రో ఎక్కి కశ్మీరీ గేట్‌లో మారితే తర్వాతి స్టేషనే తీస్ హజారీ కోర్టు. మాజీ చీఫ్ జస్టిస్ డి.వై. చంద్రచూడ్ చదివిన చోటని చెప్పుకోవడం చుట్టాల ముందు బాగానే ఉంటుంది గానీ, సీనియర్ లాయర్ ఆఫీసులో అడిగేది వాయిదా అప్లికేషన్ డ్రాఫ్ట్ చేయడం వచ్చా అనే.

ఇప్పుడు డబ్బు సంగతి, నా మాటల్లో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. బెంగళూరులో ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షల్లో అవుతుంది, ఢిల్లీలో ఫీజు వేలల్లోనే, కాకపోతే హాస్టల్ దొరకడం కష్టం, విజయ్ నగర్‌లోనో ముఖర్జీ నగర్‌లోనో పీజీ (పేయింగ్ గెస్ట్) అద్దె తప్పదు. లోన్ తీసుకుని చదివితే బయటికొచ్చిన వెంటనే ఈఎంఐ మొదలు. జూనియర్ లాయర్లకి పట్టణాల్లో నెలకి 20,000 అయినా ఇవ్వండని 2024లో లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకి సూచించింది, అదీ సూచనే, తప్పనిసరి కాదు. అంత వచ్చినా లోన్ కట్టి గది అద్దె కట్టడం అయ్యే పని కాదు, అప్పుడు మీకు ఇష్టమున్నా లేకపోయినా కార్పొరేట్ ఉద్యోగమే గతి. ఫర్మ్‌లోకే వెళ్లాలనుకుంటే బెంగళూరు కళ్లు మూసుకుని తీసుకోండి, స్కాలర్‌షిప్ ఏదైనా దొరుకుతుందేమో ముందే అడగండి. కోర్టులో నిలబడి వాదించాలనుంటే, ఇంట్లో వెనకాల ఆస్తులేమీ లేకపోతే, నా ఓటు ఢిల్లీకే.

హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్ చేస్తామనేవాళ్లు ఇంత దూరం ఆలోచించక్కర్లేదు. రాష్ట్ర లా ఎంట్రన్స్ లాసెట్ తెలుగులోనూ రాయొచ్చు, నెగెటివ్ మార్కులుండవు, ఉస్మానియాలో చదువుతూనే మదీనా దగ్గర హైకోర్టుకి వెళ్లి కూర్చుని వినొచ్చు, అక్కడి సీనియర్లు మూడేళ్లలో ముఖం గుర్తుపడతారు. ఎక్కడైనా సరే, ఉద్యోగం చేసుకుంటూ మేనేజ్ చేస్తామంటే కుదరదు, 70 శాతం హాజరు బార్ కౌన్సిల్ రూలు.